బీడీల లెక్క

ఫారాలు నింపే నా దుకాణానికి
గగ్గూరి ఓదెలు ఏ ఫారమూ లేకుండ వచ్చిండు.
కుర్చీ అంచున కూసోని
కంప్యూటర్‌ను కాదు, దాని వెనకాల గోడను చూసుకుంట అడిగిండు:
"రోజూ రాత్రి తొమ్మిదింబావుకు
ప్రాణహిత మీదికెళ్లి ఒక దీపం పోతది గదా,
ఏడికెళ్లి ఏడికి?"

వెతికి చెప్పిన.
ఢిల్లీ నుంచి చెన్నైకి కావచ్చు.
పదిహేడు వందల అరవై కిలోమీటర్లు,
రెండు గంటల నలభై అయిదు నిమిషాలు.

కాసేపు ఆగి
"బీడీలల్ల చెప్పు" అన్నడు.

నలభై ఏండ్లు నావ నడిపిన మనిషి.
ఎండకాలం అర్జునగుట్ట ఒడ్డు ఒక్క బీడీ దూరం,
శ్రావణంల రెండున్నర.
సిరొంచల ముట్టించి
అవతలి రాష్ట్రంల పారేసేటోడు.
అవతలి రాష్ట్రం పేరు నడుమ మారింది గాని
బీడీ పొడుగు మారలే.

బీడీకి ఎనిమిది నిమిషాలనుకోని లెక్క కట్టిన.
ఇరవై, పైన సగం.
"గంతేనా? కట్టల ఇంక నాలుగు మిగుల్తయ్!"

నాకు ఆలాపల్లి బస్సు యాదికొచ్చింది.
నూరు కిలోమీటర్లు, వాన పడితే అయిదు గంటలు.
పక్క సీటామె గుడ్ల బుట్టను కడుపుకు అదుముకోని
ఒక్కటి పగలనియ్యలే.
దిగినంక మాత్రం
తన చేతులు తానే సాపలేకపోయింది.

తెర మీద రెండు చుక్కలు, నడుమ ఒక గీత.
గీత కింద ఉత్త ఆకుపచ్చ.
గడ పట్టి కాయలు కాసిన వేలు అద్దం మీద పెట్టి
"ఈడ్నేనా మనం?" అన్నడు.
ఆ గోరు కింద
మేమూ, మా నదీ, ఇంకో ముప్పై ఊర్లూ కనబడకుండ పోయినం.

"ఒక రాత్రి లెక్క తప్పింది" అన్నడు, అడగకముందే.
"పెద్ద వరద. నీళ్లాడే మనిషి నావల.
ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు తెల్లారింది.
బీడీలు తడిసినయ్.
అందుకే ఆ రాత్రి నది ఎంతుండెనో
ఇప్పటికీ చెప్పలేను."
ఎవరని నేను అడగలే.

లేవబోతూ మళ్ల కూసున్నడు.
"పొడుగు సరే. ఎత్తెంత?"
"పదకొండు కిలోమీటర్లుంటది."
"పదకొండేనా?
అంకీసా కన్నా దగ్గర!
నా పిల్లనిచ్చిన ఊరు కన్నా దగ్గర్నుంచి పోతున్నరు రోజూ,
ఒక్కడన్న దిగి మంచినీళ్లడగలే."

వంతెన పడ్డంక ఆయన నావ
పెరట్ల బోర్లా పడి ఉన్నది.
దాని కింద కోళ్లు పొదుగుతయ్.

ఆ రాత్రి ఇద్దరం ఒడ్డుకు పోయినం.
ఎన్నడూ అవతలి ఒడ్డు నుంచి జనం పిలిస్తే
ఈయన వినేటోడే గాని
తాను పిలిచినోడు కాదు.
దీపం కనబడంగనే
రెండు చేతులు నోటికి దోసిలి పట్టి,
మెడ వెనక్కి ఒరిగేటట్టు
"ఓ... నావా...!"

అగ్గిపుల్ల గీసి, గాలికి ఆరి,
రెండోది గీసేలోపు
దీపం కాళేశ్వరం దాటింది.

"ఇనబడి ఉంటదంటవా?"

లోపల లెక్క దానంతటదే నడుస్తున్నది.
మాట అంత ఎత్తు ఎక్కాలంటే అర నిమిషం.
అర నిమిషంల విమానం ఏడు కిలోమీటర్లు ముందుకు.
ఈయన పిలుపు పైకి చేరేసరికి
అక్కడ ఉత్త ఆకాశం.

నాకు బీడీ అలవాటు లేదు.
ఒకటియ్యమని అడిగిన.