వల కళ్ళు

మా తెలుగు మాస్టారికి నా పేరే పెద్ద జోకు.
"సుహాసినట! నవ్వేదమ్మా, ఇంట్లో మర్చిపోయి వచ్చావా?"
క్లాసంతా నవ్వింది.
నేను మాత్రం నిజంగానే ఆలోచించాను,
ఇంట్లో ఎక్కడ పెట్టి ఉంటానా అని.

"కళ్ళలోకి చూసి మాట్లాడు" అనేది అమ్మ.
అమ్మ కళ్ళలోకి చూస్తే అమ్మ మాట వినపడదు.
రెండిట్లో ఒకటే కుదురుతుంది నాకు.
ఆ సంగతి చెప్పడానికి మాటలు దొరికేసరికి
ముప్పై రెండేళ్ళు వచ్చాయి.

మధ్యలో ఏముందంటే
జగదాంబ జంక్షన్లో హారన్లన్నీ ఒకేసారి చెవుల్లో దిగితే
చెప్పుల షాపు మెట్ల మీద కూలబడిపోవడం,
జాకెట్టు లోపలి లేబుల్ని బ్లేడుతో కోస్తూ
వేలు కూడా కోసుకోవడం,
పెళ్ళిచూపుల్లో కాఫీ అందిస్తూ
ఇరవై ఎనిమిదో నంబరు బస్సు సింహాచలం దాకా
ఎక్కడెక్కడ ఆగుతుందో పెళ్ళికొడుక్కి వరసగా చెప్పడం.
గోపాలపట్నం రాకముందే వాళ్ళు దిగిపోయారు.

"కొంచెం తేడా" అనేవాళ్ళు వీధిలో, గొంతు తగ్గించి.
తగ్గించిన గొంతే నాకు ముందు వినిపిస్తుంది.
లెక్కల్లో తేడా అంటే తీసివేయగా మిగిలింది.
ఏం తీసేశారో తెలీదు గానీ
మిగిలింది నేనే.

మహారాణిపేట డాక్టరమ్మ మూడుసార్లు పిలిచి, ప్రశ్నలడిగి
కాగితం మీద రాసిన మాట ఆటిజం.
అమ్మ కుర్చీలోంచి లేవలేదు.
నేను గేటు బయట చెరుకురసం బండి గంటలు వింటూ
రెండు చేతులూ గాల్లో ఆడించుకున్నాను,
చిన్నప్పుడు స్కేలుతో కొట్టి మాన్పించిన ఆట,
దాచుకోకుండా, అక్కడే, రోడ్డు మీద,
బండివాడు గ్లాసు నింపేదాకా.

ఇప్పుడు ఫిషింగ్ హార్బర్లో ఐసు ఫ్యాక్టరీ లెక్కలు రాస్తాను.
కంపు కదా, అంటారు అందరూ.
ఆ కంపు రోజూ ఒకేలా ఉంటుంది.
పలకరిస్తే ఒకలా, పలకరించకపోతే ఒకలా ఉండదు.

మధ్యాహ్నం ఒడ్డుకెక్కించిన పడవ నీడలో
మైలపల్లి దానయ్య వల బాగుచేస్తుంటాడు.
మొదటిరోజు దూరం నుంచి చూశాను. పదో రోజు దగ్గర్నుంచి.
పదకొండో రోజు తలెత్తకుండానే అన్నాడు:
"కూకో. ఊరికే సూత్తే ఏటొస్తాది, సూది పట్టు.
అదిగో, ఆ కన్ను తెగిపోనాది.
కన్ను మీదే సూపుండాల. నా మొకంలో ఏటుంది?"

వలకి కళ్ళుంటాయని నాకెవరూ చెప్పలేదు.
వేల కళ్ళు. అన్నీ ఒకే కొలత.
ఏ కన్నూ నన్ను తిరిగి చూడదు.
ఒక దాంట్లోంచి కొంచెం నీళ్ళు,
ఒక దాంట్లోంచి తుప్పు లంగరు,
ఒక దాంట్లో డాల్ఫిన్ నోస్ కొండ, కొండంతా కాదు, ముక్క.

అక్కడ అందరి చేతులూ ఆడుతూనే ఉంటాయి.
దానయ్యవి, కోడలు గంగులమ్మవి, నావి.
ఎవరూ ఎవరివీ పట్టుకుని ఆపరు.
ముడులు పైకే లెక్కపెడతాను.
గంగులమ్మకి మొదట్లో విసుగు.
ఇప్పుడు నేనాగితే,
"నూట పన్నెండు తరవాతేటి?" అంటుంది.

అన్ని రోజులూ ఇలా గడవవు.
నిన్న ఏదో బోటు ఇంజను పేలినట్టు మోగింది.
ఐసు గదిలోకి పారిపోయి తలుపేసుకున్నాను. అరగంట.
తిరిగొచ్చేసరికి నా చోట ఎవరూ కూర్చోలేదు.
సగంలో వదిలిన ముడి
సూదితో సహా అలాగే ఉంది.
ఎండ మాత్రం అక్కడికి వచ్చేసింది.

దానయ్య తలెత్తలేదు.
కొంచెం పక్కకి జరిగాడంతే,
నీడలో నాకూ పట్టేలా.