ఏడో గడి

వంటింటి బల్ల మీద కాగితం పరిచాను.
పద్నాలుగు వారాలు, పద్నాలుగు గడులు.
ఆగస్టు చివర, కుటాయిసీలో ఉక్క.
రియోనీ నది చప్పుడు కూడా ఎండకు సన్నబడింది.
'సాంకేతికత, అభ్యసనం' - ఎం.ఎ. రెండో ఏడు, ఆరు క్రెడిట్లు.
సోమవారం కల్లా డీన్ బల్ల మీద ఉండాలి.

మొదటి వారం: నిర్వచనాలు.
రాసి, కొట్టేశాను.
నిర్వచనంతో మొదలైన ఏ క్లాసులోనైనా
అందరూ శ్రద్ధగా చదివేది గోడగడియారాన్నే.

మూడు: తెర మీద చదివిన కన్ను, కాగితం మీద చదివిన కన్ను.
వ్యాసాలు రెండు. ఒకటి ఔనంటుంది, ఒకటి కాదంటుంది.
నాలుగు: కొలతలు.
ఎన్నిసార్లు నొక్కారు, ఎక్కడ ఎంతసేపు ఆగారు.
ఆగినవాడు ఆలోచిస్తున్నాడో, కునుకు తీస్తున్నాడో
ఏ పట్టికా చెప్పదు.
ఈ మాట సిలబస్‌లో ఉంచొచ్చా?

జురాబ్ ఫోన్ చేశాడు.
"కృత్రిమ మేధ ఏదీ?" అన్నాడు,
కూరలో ఉప్పేదీ అన్నట్టు.
"పిలవకపోయినా అన్ని వారాలూ వస్తుందిలే."
నవ్వలేదు. "దానికో గడి ఇవ్వు, ఎతేరీ. డీన్ చూసేది అదే."
ఇచ్చాను. ఒకటి కాదు, రెండు. తొమ్మిది, పది.

చేరినవాళ్ళు పదకొండు మంది.
గోచా, రాచా కొండల్లో ఒంటరి పంతులు.
నలుగురు పిల్లలు, నాలుగు తరగతులు.
మంచు పడితే దారికంటే ముందు సిగ్నల్ మూసుకుపోతుంది.
లమారా, బ్యాంకులో కొత్తవాళ్ళకు తర్ఫీదిస్తుంది,
తరగతి గది చూసి పదేళ్ళయిందట.
ఇద్దరికీ ఒకే చొక్కా ఎలా కుట్టను?

ఇలా సూది ఆగినప్పుడల్లా
తొంభై మూడు చలికాలం వచ్చి కూర్చుంటుంది.
కరెంటు లేదు, గ్యాసు లేదు.
ఒక భుజాన పుస్తకాల సంచీ, ఒక చంకన కట్టెపేడు -
బడికి తలా ఒకటి తేవాలి.
రేకుపొయ్యి రాజుకుంటేనే భూగోళం.
"తెచ్చినవాళ్ళే దగ్గర కూర్చోవాలి" అన్నారెవరో.
నేనే అన్నానేమో.
కేతో టీచర్ ఏమీ అనలేదు.
ఉత్త చేతులతో వచ్చిన నొదార్‌ని
పొయ్యి పక్కన కూర్చోబెట్టి,
"మంట చూస్తుండు. ఆరిందా, పాఠం ఆగిపోతుంది" అంది.

ఆ ఏడాదంతా వాడు పాఠాన్ని ఆగనివ్వలేదు.
వాడు నేర్చిందేమిటో ఏ పరీక్షా అడగలేదు.
నేను అప్పజెప్పిన నదుల పేర్లు ఎటో కొట్టుకుపోయాయి,
పొయ్యి తలుపు కిర్రుమన్న చప్పుడు మాత్రం
ఇంకా చెవిలోనే ఉంది.

ఏడో గడిలో రాశాను:
'ఎవరి కట్టె వాళ్ళు తేవాలి.
తేలేనివాళ్ళు మంట చూడాలి.'
డీన్‌కి ఇది కొరుకుడుపడదు.
అందుకని పక్కనే చేర్చాను - మూల్యాంకనం: ఇరవై శాతం.

పదకొండు నుంచి ఇంకా ఖాళీ.
పొయ్యి మీద రేగిపండ్ల రంగు తిరిగిన ప్లమ్ పచ్చడి
అడుగంటుతున్న వాసన.