తిరగబడ్డ చెయ్యి

మిడిల్‌బర్గ్‌లో మంచు కరిగే వారం.
నాన్న రాగిరేకు మీద కెప్టెన్ లీవెన్‌ని దించుతున్నాడు:
చుట్టూ లారెల్ దండ, శంఖమూదే జలపురుషులు,
మోచేతి కింద శత్రువుల విరిగిన తెరకొయ్య.
"ఈతే రాదండీ ఆయనకి" అంది యాకొమైన,
నల్లముసుగు సర్దుకుంటూ.
నాన్న ఊఁ కొట్టి, ఇంకో డాల్ఫిన్ చెక్కాడు.

సిరా పూసి, అరచేత్తో తుడిచి,
అచ్చుకాగితం నేనే లేపాను.
ఫిరంగి గుండు పట్టుకుపోయిన ఎడమ చెయ్యి
కత్తిపిడి మీద నిబ్బరంగా ఉంది.
కుడివైపు, గుండీ పెట్టిన ఖాళీ చొక్కాచెయ్యి.
ముప్పై ఏళ్ల పనివాడు,
రేకు మీద తిరగేసి గీయడం మరిచి
నాలిక కరుచుకున్నాడు.

"దిద్దకండి" అందామె.
ఆ తడి చేతిమీద తన చెయ్యి ఆనించింది.

ఆ ప్రతి మేం అమ్మలేదు.
లాటిన్ పొగడ్తకి కాస్త పైన
ఐదు వేళ్ల మసక.