అరగంట వెడల్పు నది

సాల్వీన్ నది వెడల్పెంతని అడిగితే
పడవ తాత ఫూ క్లే వేలు పైకెత్తి
అరగంట, అంటాడు.
దాటడానికి కాదు.
మోటారు మొండికేయకపోతే
దాటడానికి నాలుగు నిమిషాలు చాలు.
అవతలి ఒడ్డున థాయ్‌వాళ్ళ గడియారం
మాకంటే అరగంట ముందుంటుంది.
ఇక్కడ పొద్దున్న ఆరింటికి విమానమొస్తే
అక్కడ ఆరున్నర. అప్పటికే ఎవరో
టీ తాగేసి, కప్పు కడిగి బోర్లించి ఉంటారు.

సిగ్నలంతా ఆ పక్క టవరుదే.
రాత్రిళ్ళు మా పిల్లలు
(పిల్లలంటే, తుపాకులున్న పిల్లలు)
ఏనుగు వీపులాంటి బండెక్కి
ఫోన్లు ఆకాశానికి చూపిస్తారు.
టైము దానంతటదే మారిపోతుంది.
రెండడుగులు కిందికి దిగితే
మళ్ళీ ముప్పై నిమిషాలు వెనక్కి,
మళ్ళీ యుద్ధంలోకి.

నన్ను థరమూ అంటారు, అంటే పంతులమ్మ.
బడి కాలిపోయాక మందులు చూస్తున్నాను.
తూటాలు తీసే డాక్టరు నెలకోసారి వస్తాడు.
పళ్ళు నా వంతు.
ఎనిమిది రోజుల శిక్షణ, ఒక పటకారు,
కుర్చీకి బదులు బియ్యం బస్తా.
ఎవరూ చెప్పరు గానీ
కొండల్లో యుద్ధమంటే సగం పంటినొప్పే.
వక్క, పంచదార దట్టించిన కాఫీ పొట్లాలు,
నెలల తరబడి బ్రష్షు ఎరగని చిగుళ్ళు.
మందుపాతర మీద కాలు పోయినప్పుడు
కిక్కురుమనని సా క్లో టూ
దవడ పంటికి తల్లిని పిలిచాడు.
పంటి బిగువున ఓర్చుకోవాలన్నా
ముందు పన్నంటూ బాగుండాలి కదా.

జూన్ చివర, వాన పట్టిన నాలుగో రోజు
ఒక ఖైదీని తెచ్చారు.
చేతులు కట్టేసి ఉన్నాయి,
చెంప బొప్పాయిలా వాచి ఉంది.
పేరు థెట్ పైంగ్. మగ్వే వైపు.
వాళ్ళ నాన్న తాళ్ళెక్కుతాడట.
అడగకుండానే చెప్పాడు,
అడిగితే కొడతారేమోనన్నట్టు.
మా బడి తగలబెట్టినవాళ్ళు
ఏ భాషలో కేకలేశారో
ఆ భాషలోనే అన్నాను:
నోరు తెరు.

మత్తు సూదులు రెండే మిగిలాయి.
ఒకటి లేర్ మూ కోసం దాచింది,
వాడి జ్ఞానదంతం అడ్డంగా వస్తోంది.
రెండోది ఎవరికని అనుకోలేదు.
గుడిసె బయట కర్రకాలి చప్పుడు ఆగింది.
క్లో టూ తొంగిచూశాడు,
నా చేతిలో సూది చూశాడు,
ఏమీ అనలేదు.
వాడు తిట్టి ఉంటే
ఈపాటికి మర్చిపోయేదాన్ని.

జాలి అనకండి.
కుర్రాడు గింజుకుంటే వేరు లోపలే విరుగుతుంది,
తర్వాత వారం రోజులు చాకిరీ నాకే.
అప్పుడలా అనుకున్నాను.
ఇప్పుడూ అలాగే అనుకుంటున్నాను.

పన్ను వచ్చింది. మూడు వేళ్ళు, ఒకటి వంకర.
డబ్బా మీద పడి టంగుమంది.
వాడు నెత్తురు ఉమ్మి, మొద్దుబారిన పెదాలతో
టైమెంతైందని అడిగాడు.
ఎక్కడికో వెళ్ళాల్సినవాడిలా.
ఈ వేళకి నాన్న ఆఖరి చెట్టు దిగుతుంటాడన్నాడు.

నా ఫోను అవతలి గాలి అందుకుని
ఆరుంబావు చూపిస్తోంది.
కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.
పావు తక్కువ ఆరు, అన్నాను.
మా టైమే చెప్పాను.
వాడి టైమూ అదే.

మర్నాడు వాణ్ణి ఎగువ శిబిరానికి నడిపించారు.
నోట్లో దూది కుక్కి ఉంచుకోమన్నాను,
వేడిది తాగొద్దన్నాను.
వింటున్నాడో లేదో, వాన.

రెండో సూది ఇంకా పెట్టెలో ఉంది.
గడువు నవంబరుతో తీరిపోయింది.
లేర్ మూ
పన్ను చూపించుకోవడానికి రాలేదు.