పదికి మూడు

చిత్తూరు, రెండో సంవత్సరం బీకాం,
ఫ్యాను తిరగని గదిలో
అరవై రెండు కాగితాలు నా బల్ల మీద.
దాదాపు అన్నీ ఒకటే మాటతో మొదలవుతాయి:
"మానవుడు సంఘజీవి."

వాన గురించి రాయమన్నా మానవుడు సంఘజీవే.
పొదుపు గురించి రాయమన్నా అంతే.
ముందు ఆయన సంఘంలో సర్దుకుని కూర్చోవాల,
ఆ తర్వాతే చినుకు పడాల.
నవ్వుకునేదాన్నే గానీ
ఆ వాక్యం వాళ్లకు ఇచ్చింది నేనే.
పోయినేడు, బోర్డు మీద, మూడు పెట్టెలు గీసి:
ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు.
ఇరవై రెండేళ్ల కింద నాకు చెప్పినాయన కూడా
ఇవే పెట్టెలు గీసినాడు.
ఆయన బాణం గుర్తులు నా వాటికంటే తిన్నగా ఉండేవి.

"తెలుగుకేముందమ్మా, నాలుగు పేజీలు నింపితే పడతాయి"
అంటాడు కామర్స్ దామోదరం సారు, టీలో బిస్కెట్టు ముంచుతా.
"దిద్దేవాళ్లు చదవతారా? జానతో కొలుస్తారు గానీ."
నేను కాదనలేదు.
మొన్న తిరుపతిలో స్పాటుకు పోయి
రోజుకు నలభై దిద్దినాను.
ఒక్కటీ గుర్తు లేదు.

ఈ అరవై రెండింట్లో ఒకటి పొట్టిది.
చెంగల్రాయులుది. గుడిపాల పక్క నుంచి వస్తాడు,
పొద్దున బస్సు తప్పితే ఆ దినం రాడు.
"మా ఊరు" అని ఇచ్చిన అంశానికి
ఐదారు వాక్యాలు, ఉపోద్ఘాతం లేదు.

"మా నాయిన మూడు దినాలుగా ట్రాక్టరు మిందే పండుకోనుండాడు,
జూసు ఫ్యాక్టరీ గేటు కాడ.
మా ముందర ఇంకా నూటాపది బండ్లు.
కాయలు అడుగు నుంచి మాగతా ఉండాయి, వాసనకే తెలిసిపోతాది.
రేటు చెప్పేవోడు లోపల ఉండాడు.
మా ఊరు ఇప్పుడు ఊర్లో లేదు, రోడ్డు మింద ఉండాది."

నాకంటే ముందు నా చెయ్యి చదివింది.
మింద కాదు, మీద.
పండుకోనుండాడు కాదు, నిద్రించుచున్నాడు.
నాయిన కాదు, తండ్రి.
ఊరు ఊర్లో లేదన్న దగ్గర పెద్ద ప్రశ్నార్థకం,
పక్కన "అర్థరహితం" అని.
దిద్దడం అయినాక చూస్తే
వాక్యం శుభ్రంగా ఉంది.
వాళ్ల నాయిన అందులో లేడు.
పదికి మూడు.

వాడేం గొడవ పెట్టుకోలేదు.
మరుసటి వారం నాలుగు పేజీలు తెచ్చినాడు.
మానవుడు సంఘజీవి. గ్రామములు దేశమునకు పట్టుకొమ్మలు.
ఫలములలో రారాజు మామిడి.
మార్జిను కూడా స్కేలు పెట్టి కొట్టినాడు.
ఎనిమిది వేసినాను.
ఆ ఎనిమిది ఇంకా ఆరలేదు.

సాయంత్రం మా బస్సు ఫ్యాక్టరీ దగ్గర ఆగిపోయింది.
కిటికీ నిండా మాగిన బెంగుళూరా వాసన.
ట్రాక్టరు నీడలో పేకాడేవాళ్లు, సద్దిగిన్నె కడుక్కునే ఒకామె,
కాయల మీద పరిచిన గోనెసంచుల మీద, మొహాన టవలు కప్పుకుని
ఎవరో పెద్దాయన.
నిద్రించుచున్నాడు అనుకోబోయినాను,
నోరు తిరగలేదు.
"పండుకో మేయ్, ఎంతసేపు చదవతావు" అనేది మా అమ్మ.
ఆ మాటను ఏ పరీక్షలో ఇచ్చేసి వచ్చినానో.

తెల్లారి వాడి పాత కాగితం మళ్లా అడిగి తీసుకున్నాను.
ఎర్ర ఇంకు చెరగదు,
రబ్బరు పెడితే కాగితమే చిరిగేటట్టు ఉంది.
అడుగున మిగిలిన ఖాళీలో పెన్సిలుతో రాసినాను:
"మీ నాయిన ఇంటికొచ్చినాడా? రేటు ఎంత చెప్పినారు?
మిగతాది రాయి, నువ్వు మాట్లాడేటట్టే."

చెంగల్రాయులు నిలబడే చదివినాడు.
పెన్ను మూత పళ్లతో పట్టుకుని
కిటికీ పక్క చూసినాడు చానాసేపు.
తర్వాత అడిగినాడు, మర్యాదగానే:
"ఇది ఎన్ని మార్కులకు మేడమ్?"