ముప్ఫై ఎనిమిది

నీతిశాస్త్రంలో మొదటి పాఠం
నేను గదిలో కూర్చుని వినలేదు.
త్బిలిసీలో, రొట్టెల కొట్టు ముందు,
నిలబడి విన్నాను.

యుద్ధం ఆగీ ఆగని చలికాలం.
విశ్వవిద్యాలయం కిటికీలకి అద్దాల్లేవు.
ఎతేరి టీచరు పాఠాన్ని వరసలోకి మార్చింది.
"ఎలాగూ అందరం అక్కడే కదా ఉంటాం" అంది.

తెల్లవారుజామున నాలుగింటికి
సియాలా అనే లావుపాటి ఆవిడ
సిరా పెన్సిలు మొన నాలికకి అద్దుకుంటూ
మా అరచేతుల్లో అంకెలు వేసేది.
రొట్టెలు వంద.
నా చేతిలో నూట ముప్ఫై ఎనిమిది.

టీచరు పాదాలు నేలకేసి కొట్టుకుంటూ మొదలుపెట్టింది:
"వంద రొట్టెల్ని రెండొందల ముక్కలు చేస్తే
రెండొందల కడుపులు సగం సగం నిండుతాయి.
ఎక్కువమందికి ఎక్కువ మేలు. ఇదొక తక్కెడ.
మరి అదే తక్కెడ,
ఎలాగూ పోయేవాడి ముక్క
పెరిగే పిల్లకి పెట్టమంటే?"
మూలన దగ్గుతున్న వఖ్తాంగ్ తాత
దగ్గు ఆపుకున్నాడు.

"ఇంకొకరంటారు, ఫలితం నీ చేతిలో లేదు,
పని నీ చేతిలో ఉంది.
నువ్వు చేసేదే అందరూ చేస్తే
లోకం నిలుస్తుందా, చూసుకో.
ఎదుటి మనిషిని మెట్టు చేసుకుని ఎక్కకు."

సరిగ్గా ఆ మాట దగ్గరే
బొటనవేలు తడి చేసుకుని
నా నంబరులో ముందున్న ఒకటిని
నెమ్మదిగా రుద్దేశాను.
ఇంట్లో తమ్ముడికి మూడు రోజులుగా జ్వరం.
అది కారణమా, సాకా,
ఇప్పటికీ తేల్చుకోలేదు.

వెనకనుంచి ట్రాలీబస్సు నడిపే గురామ్ అడిగాడు:
"ఈ వరస ఏమవుతుంది టీచర్?"
"ఒప్పందం. నీ నంబరెంతో తెలియకముందు
ఏ వరసకి ఒప్పుకుంటావో అది న్యాయం."
"నాకు తెలిసిపోయిందిగా, నూట పన్నెండు!"
ఆ చలికాలమంతటికీ
నేను విన్న పెద్ద నవ్వు అదే.

బుట్ట పట్టుకున్న ఒకావిడ విసుక్కుంది:
"ఇవన్నీ నాకెక్కవమ్మా.
ఎవరింట్లో పొయ్యి రాజుకోలేదో అది కనిపిస్తుంది, అంతే."
"అదీ సిద్ధాంతమే" అంది టీచరు.
"వంటింట్లో ఉండిపోయింది గనక
పేరు పెట్టడానికి ఇన్ని వందల ఏళ్ళు పట్టింది."

తలుపు తెరిచారు. ఆవిరి. వాసన.
అందరి సిద్ధాంతాలూ ముక్కుల్లోకి వెళ్ళిపోయాయి.

ముప్ఫై ఎనిమిది అని పిలిస్తే
రెండు చేతులు లేచాయి.
ఒకటి నాది. ఒకటి వఖ్తాంగ్ తాతది.
మంచుకి తడిసి జాబితా అలుక్కుపోయింది.
"దొంగ ఎవరు?" అని అరిచారెవరో.
తాత తన అరచేతినే
తను రాయలేదన్నట్టు చూసుకున్నాడు.
"టీచర్, మీరే చెప్పాలి" అంది సియాలా.

ఆవిడ మా చేతుల వైపు చూసింది.
నా చేతి మీద తడి ఇంకా ఆరలేదు.
చూసింది. నాకు తెలుసు, చూసింది.

"ఇద్దరికీ ఇవ్వు.
తొంభై ఆరు కొట్టెయ్యి" అంది,
తన చేతిని కోటు జేబులోకి దోపుకుంటూ.

రొట్టె వేడిగా ఉంది.
దారిలోనే అంచు కొరికాను.
తమ్ముడికిచ్చింది మిగతాది.

ఇప్పుడు అదే భవనంలో,
అద్దాలున్న గదిలో, ఆ పాఠం నేనే చెబుతాను.
పేర్లు తెలియకుండా కథ చెప్పి
ఆవిడ నడిచింది ఏ దారి అని అడుగుతాను.
తూనిక వాళ్ళు మావైపంటారు, నియమం వాళ్ళు కాదు మావైపంటారు.
శీలం అంటారు, దయ అంటారు,
గంట కొట్టేదాకా పంచుకుంటారు ఆవిడని,
ఆ రోజు ఆవిడకి దక్కని రొట్టెలాగా.

ఇవాళ వెనక బల్ల నుంచి
నినుత్సా అనే పిల్ల చెయ్యెత్తింది.
"ఆ రెండో ముప్ఫై ఎనిమిది
తర్వాత ఏమయ్యారు మేడమ్?"

ఖాళీ అరచెయ్యి. శుభ్రంగా ఉంది.
నేను సుద్దముక్క కింద పెట్టాను.