కడచీల

ఏడు బండ్లల్ల వొచ్చినం.
దేవరకొండ దిక్కు రెండేండ్లు వాన లేక
బాయిల బొక్కెన రాయికి తగిలినంక
డిండి వాగు దాటి, మన్ననూరు ఘాటెక్కి
అమ్రబాదు మీది భూములకు.
కంప కొట్టి దున్నుకుంటే మూడేండ్లు శిస్తు లేదని
కచ్చీరుల చదివిన్రు.
మూడేండ్లంటే ఎంతో మాకెరికే,
కోడెదూడ మెడ కాడికి అలవాటయ్యేంత.

బండ్లన్నీ వడ్ల వీరోజి చేసినయే.
బాడిశ సంకల పెట్టుకొని ఆయనా మాతోనే.
బక్కన్న ఒక్కడే రానన్నడు.
పెండ్లాం ఎక్కి కూసుంటే బండెనక నడిసిండు,
తిరిగి పోనీకి మలుపులు లెక్కపెట్టుకుంట.

తేనె దింపనీకి పోతున్న చెంచాయన
మా గుడిసెల కాడ నిలబడ్డడు.
"ఇది గాలి నడిసే తొవ్వ."
నవ్వినం. అడివిల గాలి యాడ నడవది?

మార్గశిరం. అమాస ఇంక మూడొద్దులుంది.
తూర్పు నుంచి మబ్బు నల్లగ రాలే,
పాసిన అన్నం రంగుల వొచ్చింది.
పగలంత ముసురు.
పొద్దుగూకినంక గాలి లేసింది,
బోదగడ్డి కప్పులు కోడీకలోలె ఎగిరిపోయినయి.
తడిసిన గొంగడి మనిషంత బరువు.
పండ్లు కొట్టుకొని మాట ముక్కలై పడుతుండె.
డెబ్బై గొర్లు ఒకదాని కింద ఒకటి తలలు దూర్చినయి,
తెల్లారి లేపితే పన్నెండే కదిలినయి.

చెకుముకి కొడితే రవ్వ లేస్తది,
అందుకునే ఎండుపుల్ల లేదు.
చుట్టూ అడివే, కాల్చుకోను కట్టె లేదు!
వీరోజి తన బండి కుంభం మీద చెయ్యేసి,
పశువును తడిమినట్టు తడిమి,
"ఇరవై ఏండ్ల కందెన తాగింది ఇది.
వానల గూడ మండుతది," అన్నడు.
మొదటి దెబ్బ ఆయనే ఏసిండు.
ఒక్కొక్క ఆకు ఊడదీస్తుంటే
పన్ను పీకిన సప్పుడు.

ఆ రాత్రి రెండు బండ్లు.
మల్లనాడు నాలుగు.
మంట కాడ కూసున్న ఉశన్న తాత
ఎప్పుడు పోయిండో ఎవరం చూడలే,
సాపిన చేతులు సాపినట్టే ఉన్నయి.

మూడో రాత్రికి మిగిలింది బక్కన్న బండే.
ఎవరం అడగలే.
బాలక్క బిడ్డకు పదకొండు దినాలు, పేరింక పెట్టలే.
ఆడోళ్లం వంతులేసుకొని రవికెల లోపట పెట్టుకున్నం.
నా వంతొచ్చినప్పుడు
వాగుల రాయిని ఎత్తుకున్నట్టుండె.
వాడు పాలు అడుగుడు మానేసిండు.

బక్కన్న లేసిండు.
కడచీల పీకి బొడ్ల చెక్కుకున్నడు.
బండి ఒక పక్కకు ఒరిగింది,
అలిసిన ఎద్దు మోకాలేసినట్టు.
"కొట్టు, వీరోజీ."

బండి తెల్లందాక మండింది.
బిడ్డ తెల్లందాక ఆగలే.

ఎండొచ్చిన రోజు చెంచాయన వొచ్చిండు.
ఏమనలే.
అడివిగడ్డలు బండ మీద పోసి,
గుట్ట మరుగున
గుడిసెలు ఏసుకునే జాగ కట్టెతోని గీసిండు.
ఆ గీత మీదనే గుంజలు పాతినం.
బూడిద జొన్నచేన్ల చల్లినం.
పద్నాలుగు ఇనుప పట్టాలు మిగిలినయి,
కొన్ని కర్రులైనయి, కొన్ని కొడవండ్లు,
ఒకటి మద్దిచెట్టుకు ఏలాడగట్టినం,
తూర్పు గాలి తిరిగితే కొట్టనీకి.

ఎండకాలం గుర్రం మీద పట్వారి వొచ్చిండు,
ఫసలీ లెక్క రాసుకోనీకి.
మనుషులు ముప్పై రెండు.
ఎడ్లు తొమ్మిది.
గొర్లు పన్నెండు.
"బండ్లు?"
"లేవు."
కలం ఆపి తల ఎత్తిండు.
"బండ్లు లేకుంట ఇంతమంది ఘాటు మీదికి
ఎట్లొచ్చిన్రు?"

వీరోజి బాడిశ పదును చూసుకుంటున్నడు.
బాలక్క నేల దిక్కు చూస్తున్నది.
బక్కన్న చెయ్యి బొడ్డు కాడికి పోయి
ఆడనే ఆగింది.
పట్వారి సున్న చుట్టిండు.